పసివాళ్ళ నోటి మాట

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి. నా గొంతు వినపడకపోతే చెయ్యెత్తండి, గట్టిగా మాట్లాడతాను.

ఈ రోజు విషయం నవలల్లో పసితనం. ఆ మాట అనగానే మనకు ఒక కథ చప్పున తడుతుంది. అభం శుభం తెలియని పిల్లాడు ఉంటాడు. వాడికి ఒకరోజు లోకం ఎలాంటిదో తెలిసిపోతుంది. చావు చూస్తాడు, లేదా మోసం చూస్తాడు, లేదా తలుపు సందులోంచి చూడకూడనిదేదో చూస్తాడు. అంతే, పసితనం పోయింది. పరీక్షలో అడిగినా మనం ఇదే రాస్తాం. కానీ ఈ నవలల్ని మళ్ళీ మళ్ళీ చదువుతున్న కొద్దీ నాకు అది సరైన లెక్క కాదనిపిస్తోంది. పిల్లలకు చాలానే తెలుసు. మనం అనుకునే దానికంటే ఎక్కువే తెలుసు. తెలిసినంత మాత్రాన వాళ్ళేమీ పాడైపోరు. మరి దెబ్బ ఎక్కడ తగులుతుంది? పెద్దవాళ్ళు తమ అవసరానికి పిల్లల నోటిని వాడుకున్నప్పుడు తగులుతుంది. కబురు మోయించడానికి, సాక్ష్యం చెప్పించడానికి, గుట్టు దాయించడానికి. మంచి నవలాకారులు ఆ చోటు ఎక్కడుందో కనిపెట్టి అక్కడ ఆగుతారు. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే. కొన్ని నవలల్లోకి వెళ్ళి చూద్దాం.

చార్లెస్ డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' 1860, 61లో సీరియల్‌గా వచ్చింది. మీలో చాలామంది చదివే ఉంటారు. మొదటి పేజీలోనే శ్మశానంలో పిప్ అనే పిల్లాడు. అమ్మానాన్నల్ని చూసి ఎరగడు, ఫొటోలు లేని కాలం. వాడి దగ్గరున్నదల్లా సమాధి రాళ్ళు. రాతి మీద చెక్కిన అక్షరాల ఆకారాన్ని బట్టి మా నాన్న నల్లగా, దిట్టంగా, ఉంగరాల జుట్టుతో ఉండేవాడని ఊహించుకుంటాడు. చిన్నప్పుడే పోయిన ఐదుగురు అన్నదమ్ములవి చిన్న చిన్న రాళ్ళు. వాటిని చూసి వాళ్ళు వెల్లకిలా, ప్యాంటు జేబుల్లో చేతులు పెట్టుకునే పుట్టారని నమ్ముతాడు. చూడండి, ఈ పిల్లాడికి చావు తెలియదా? తెలుసు. రోజూ చావు పక్కనే ఆడుకుంటున్నాడు. అమాయకత్వం అంటే తెలియకపోవడం అని మనం అనుకుంటాం కదా, డికెన్స్ మొదటి పేజీలోనే అది కాదంటున్నాడు. పిప్ ఉన్న ఆధారాలన్నీ శ్రద్ధగా పరిశీలించాడు. తేల్చుకున్నది మాత్రం తప్పు, అంతే.

అప్పుడొస్తాడు జైలు నుంచి పారిపోయిన ఖైదీ. మీ అమ్మ ఎక్కడ అని అడుగుతాడు. పిప్ "అదిగోనండీ" అని చూపిస్తాడు. ఖైదీ అదిరిపడి పరుగు అందుకుంటాడు, కాస్త దూరం వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తాడు. చూపించింది సమాధిని. ఈ చిన్న సంభాషణలో డికెన్స్ చేసిన పని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. పిల్లాడు నిజమే చెప్పాడు. పెద్దవాడు భయపడ్డాడు. ఆ తరవాత ఖైదీ వాణ్ణి బెదిరించి తిండి, ఆకురాయి దొంగతనం చేయించుకుంటాడు. ఎవరికీ చెప్పకూడదంటాడు. అక్కడి నుంచి పిప్‌ను తినేసేది ఖైదీ భయం కన్నా, ఆ దాచిన మాట. ఇంట్లో తన మీద ప్రాణం పెట్టుకున్న బావ జో దగ్గర కూడా నోరు విప్పలేడు. తరవాత పట్టుబడ్డప్పుడు ఆ ఖైదీయే, తిండి దొంగిలించింది నేనే అని తన మీద వేసుకుని పిల్లాణ్ణి కాపాడతాడు. అది విని జో ఏమంటాడంటే, ఏ పాపం చేసినా మేం నిన్ను ఆకలితో చావనివ్వం అంటాడు. నవల మొత్తంలో పెద్దమనుషులు ఎవరో అక్కడే తేలిపోతుంది, మిగతాదంతా పిప్ దాన్ని తెలుసుకోవడానికి పట్టిన కాలం.

డికెన్స్‌కు ఇది ఎక్కడి నుంచి వచ్చింది? 1824లో, పన్నెండేళ్ళ వయసులో, తండ్రి అప్పుల్లో మునిగి జైలు పాలైన రోజుల్లో, అతన్ని బూట్ పాలిష్ ఫ్యాక్టరీలో పనికి పెట్టారు. డబ్బాలకు లేబుళ్ళు అంటించే పని. ఈ సంగతి బతికుండగా లోకానికి చెప్పుకోలేదు. ఒక్క స్నేహితుడికి, జాన్ ఫార్‌స్టర్‌కు చెప్పాడు. 1870లో డికెన్స్ పోయాక ఆయన జీవిత చరిత్ర రాస్తేనే బయటికొచ్చింది. అందులో అతను ఎప్పటికీ మరిచిపోలేనని రాసుకున్నది ఏమిటో తెలుసా? లేబుళ్ళ పని కాదు, ఆకలి కాదు. ఆ పని మాన్పించాక, మళ్ళీ అక్కడికే పంపుదామని అమ్మ పట్టుబట్టింది. ఆ మాట. చాకిరీని క్షమించగలిగాడు, ఆ మాటను క్షమించలేకపోయాడు.

డికెన్స్ దగ్గర కథ చెప్పేది పెద్దవాడైన పిప్. పిల్లాడి కళ్ళూ పెద్దవాడి బుద్ధీ రెండూ ఒకే వాక్యంలో ఉంటాయి. ఇది ఒక పద్ధతి. పిల్ల చేతనే, పిల్ల భాషలోనే చెప్పించడం ఇంకో పద్ధతి. మనకు ముళ్ళపూడి వెంకటరమణ గారి బుడుగు ఉన్నాడు కదా. నవల అనలేం గానీ ఆ గొంతు మన చెవుల్లో ఉంది. పెద్దల మాటల్ని తన లెక్క ప్రకారం అర్థం చేసుకుని, అంతే ధీమాగా మనకు చెబుతాడు. మనం నవ్వుతాం. నవ్వుతూనే, ఇంట్లో మనం ఏమేం మాట్లాడుకుంటున్నామో ఒకసారి తడుముకుంటాం.

మూడో పద్ధతి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. హెన్రీ జేమ్స్ 1897లో రాసిన 'వాట్ మైసీ న్యూ'. ఇందులో రచయిత మైసీ చేత చెప్పించడు. తనే చెబుతాడు, కానీ మైసీ ఉన్న చోట తప్ప ఇంకెక్కడికీ కదలడు. తరవాత ముందుమాటలో ఆయనే అన్నాడు, చిన్న పిల్లలకు గ్రహింపు చాలా ఉంటుంది, దాన్ని చెప్పుకోవడానికి అన్ని మాటలు ఉండవు అని. చాలా సూటైన గమనిక. మైసీ తల్లిదండ్రులు విడాకులు తీసుకున్నారు. పిల్ల ఆర్నెల్లు ఇక్కడ, ఆర్నెల్లు అక్కడ. మొదటిసారి తండ్రి దగ్గర నుంచి తల్లి దగ్గరికి వస్తుంది. తల్లి ముద్దు చేస్తూ, ఆ పశువు, మీ నాన్న, నాకేమైనా కబురు పంపాడా బంగారం అని అడుగుతుంది. మైసీ ఆరేళ్ళ పిల్ల. అడిగితే చెప్పాలి కదా. "నువ్వు పాడు పందివని నీతో చెప్పమన్నాడు" అని ఉన్నదున్నట్టు అప్పజెబుతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఈ పిల్ల ఏం తప్పు చేసింది? ఏమీ లేదు. చెప్పమన్నది చెప్పింది. అడిగినదానికి జవాబిచ్చింది. ఇద్దరి మాటా విన్నది. మంచి పిల్ల చేయాల్సిన పనులన్నీ చేసింది. ఆ పిల్లను పెద్దవాళ్ళు ఒకరి మీద ఒకరు బురద చల్లుకోవడానికి వాడుకున్నారు. జేమ్స్ గొప్పతనం దీని తరవాత ఉంది. కొన్నాళ్ళకు మైసీకి తన ఉద్యోగం ఏమిటో అర్థమవుతుంది. ఇకపై ఈ ఉద్యోగం చేయనని పెదాలు బిగించుకుంటుంది. ఏమీ గుర్తులేనట్టు ఉండిపోతుంది. దాంతో తల్లీ తండ్రీ ఇద్దరూ ఏమంటారు? ఈ పిల్ల మొద్దుబారిపోతోంది అంటారు! ఆమె ఎదురుగానే అంటారు. మైసీ లోపల మొట్టమొదటిసారి ఒక గది కట్టుకుంది, దానికి తలుపు వేసుకుంది. అది పసితనం పోవడమా? దాన్ని కాపాడుకోవడమా? నాకైతే కాపాడుకోవడమే అనిపిస్తుంది. మైసీ కడుపులో దాచుకోవడం నేర్చుకున్నందుకు మనం బాధపడాలి, నిజమే. కానీ తప్పెవరిదో మరిచిపోకూడదు.

కబురు మోసిన ఇంకో పిల్లాడు ఎల్. పి. హార్ట్‌లీ 1953లో రాసిన 'ది గో బిట్వీన్'లో లియో. 1900 వేసవిలో స్నేహితుడి ఇంటికి, పెద్ద భవంతికి వెళతాడు. ఆ ఇంటి అమ్మాయి మరియన్ అతనికి కొత్త బట్టలు కొనిపెడుతుంది, ఆప్యాయంగా మాట్లాడుతుంది. కౌలు రైతు టెడ్‌కు ఆమె రాసే ఉత్తరాలు మోస్తుంటాడు. ఏవో పని మీద ఉత్తరాలనుకుంటాడు. ఒకరోజు అంటించని కవరు చేతికొస్తుంది, చదువుతాడు, ప్రేమలేఖ అని తెలుస్తుంది. అందరూ ఈ ఘట్టాన్నే గొప్పగా చెబుతారు. నాకు దీనికన్నా, ఇక పోలేనని లియో అన్నప్పుడు మరియన్ అతని మీద విరుచుకుపడటం ఎక్కువ బాధ పెడుతుంది. అప్పటిదాకా ప్రేమ అనుకున్నది కూలి అని వాడికి అప్పుడు తెలుస్తుంది. టెడ్ తుపాకీతో ప్రాణం తీసుకుంటాడు. లియో జీవితం అక్కడే ఆగిపోతుంది, ఇంకెవరినీ ప్రేమించలేడు. అరవై దాటాక ఆ ఊరు వెళితే ముసలి మరియన్ కనిపించి ఏం చేస్తుంది? నా మనవడికి ఒక కబురు చెప్పి పెట్టవా అంటుంది. ఆమె మారలేదు. తనేం చేసిందో ఆమెకు అప్పటికీ తెలియదు. ఇంత కఠినమైన ముగింపు నేను ఎక్కువ చోట్ల చూడలేదు.

కబురు దాటి సాక్ష్యానికి వద్దాం. ఇక్కడ విషయం ఇంకా బరువెక్కుతుంది, ఎందుకంటే పిల్ల మాట మీద ఇంకొకరి ప్రాణం ఆధారపడుతుంది.

అరుంధతీ రాయ్ 'ది గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్', 1997. కేరళలోని అయెమెనెం, 1969. కవలలు ఎస్తా, రాహేల్, ఏడేళ్ళవాళ్ళు. వాళ్ళు ప్రాణంగా చూసుకునే వెలుతను, దళితుణ్ణి, పోలీసులు వాళ్ళ కళ్ళెదుటే చితకబాదుతారు. అతను ఏ నేరమూ చేయలేదు. పోలీసులకు ఇప్పుడు కేసు నిలబడాలి, ఇంటి పెద్దావిడ బేబీ కొచ్చమ్మకు తన అబద్ధం నిలబడాలి. ఆవిడ పిల్లల్ని కూర్చోబెట్టి చెబుతుంది, అమ్మను కాపాడతారా, జైలుకు పంపుతారా అని. వెలుతే ఎత్తుకుపోయాడా అని ఇన్‌స్పెక్టర్ అడిగితే అవునంటే చాలు. ఇన్‌స్పెక్టర్ అడిగాడు. ఎస్తా నోరు అవునంది. రాయ్ సరిగ్గా అలాగే రాస్తుంది, ఎస్తా అన్నాడని రాయదు, ఎస్తా నోరు అన్నదని రాస్తుంది. ఆ తరవాత ఎస్తా మెల్లమెల్లగా మాట్లాడటమే మానేస్తాడు. గమనించండి, ఎస్తా ఆ రోజు కొత్తగా తెలుసుకున్న రహస్యం ఏమీ లేదు. ఘోరాన్ని అప్పటికే చూశాడు. చూసి కూడా ఎస్తా ఎస్తాలాగే ఉన్నాడు. ఒక్క మాట పలికించాక మిగల్లేదు.

బాప్సీ సిధ్వా 1988 నవల 'ఐస్ క్యాండీ మ్యాన్'లో దీనికి తలకిందుల సంగతి. దేశ విభజన నాటి లాహోర్. లెనీ పార్సీ పిల్ల, పోలియో వల్ల కాలు సరిగా లేదు. ఆమెను పెంచే ఆయా హిందువు. ఆయా కోసం గుంపు ఇంటి మీదికి వస్తుంది. ఆమె వెళ్ళిపోయిందని వంటవాడు ఇమామ్ దీన్ ఒట్టు పెట్టి మరీ అబద్ధం చెబుతాడు. ఆయన ముస్లిం, ఇంకొకరి ప్రాణం కోసం ఒట్టును కూడా పణంగా పెట్టాడు. గుంపు దాదాపు వెనక్కి తిరుగుతుంది. అప్పుడు అందరూ ఎరిగిన ఐస్ క్యాండీ మనిషి, రోజూ పార్కులో కబుర్లు చెప్పేవాడు, లెనీ ముందు గొంతుక్కూర్చుని అడుగుతాడు. భయపడకు పాపా, నా ప్రాణం అడ్డువేసి ఆయాను కాపాడతాను, ఎక్కడుందో చెప్పు అని. లెనీ నిజం చెప్పేస్తుంది.

ఈ పిల్లకు నిజం చెప్పడమే మంచితనమని నేర్పారు. ఆ మంచితనంతోనే ఆయాను పట్టిచ్చింది. తరవాత మూడు రోజులు అద్దం ముందు నిలబడి తన నాలుకను చూసుకుంటుంది. టూత్ బ్రష్‌తో రక్తం వచ్చేదాకా తోముతుంది. ఈ దృశ్యం చదివాక నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఆయాను ఈడ్చుకుపోయింది వాళ్ళు. శిక్ష వేసుకున్నది పిల్ల. అడిగినవాడి నాలుకను ఎవరు తోమాలి?

ఎస్తా అబద్ధం, లెనీ నిజం. రెండూ ఒకే చోటికి వచ్చాయి. అంటే సంగతి నిజంలోనూ లేదు, అబద్ధంలోనూ లేదు. అడిగినవాడు ఎందుకు అడుగుతున్నాడన్న దాంట్లో ఉంది. పిల్లలకు తెలియనిది ఒక్క అదే. ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు కావాలని వాళ్ళు నమ్ముతారు. లోకంలో చాలా ప్రశ్నలు జవాబు కోసం కావని వాళ్ళకు ఇంకా తెలియదు.

మరి పిల్లలెప్పుడూ బలిపశువులేనా అని మీరు అడగొచ్చు. కాదు. ఇయాన్ మెక్యువన్ 'అటోన్‌మెంట్'లో, 2001 నవల అది, బ్రయొనీ పదమూడేళ్ళ పిల్ల, చీకట్లో ఒక అమ్మాయి మీద అత్యాచారం చేసిన మనిషిని సరిగా చూడకపోయినా, అది రాబీయేనని, తను చూశానని గట్టిగా చెబుతుంది. రాబీ జైలు పాలవుతాడు. ఆమె తప్పు ఆమెదే, మెక్యువన్ తప్పించుకోనివ్వడు. కానీ ఆమె మాటను అంత తేలిగ్గా నమ్మడానికి పెద్దవాళ్ళు ముందే సిద్ధంగా ఉన్నారు, రాబీ ఆ ఇంటి పనిమనిషి కొడుకు కాబట్టి. అదీ చూడాలి.

ఇక హక్. మార్క్ ట్వెయిన్ 'హకల్‌బెరీ ఫిన్', ఇంగ్లండులో 1884లో, అమెరికాలో 1885లో వచ్చింది. బానిసత్వం నుంచి పారిపోతున్న జిమ్‌తో తెప్ప మీద పోతున్న పిల్లాడు. నిజానికి ఒకరోజు జిమ్‌ను పట్టిద్దామనే పడవ వేసుకుని బయల్దేరాడు. ఎందుకంటే బానిసను దాచడం దొంగతనమని వాడికి నేర్పారు, వాడు మనస్ఫూర్తిగా నమ్మాడు. ఎదురుగా తుపాకులతో ఇద్దరు. తెప్ప మీద ఉన్నవాడు తెల్లవాడా నల్లవాడా? సూటిగా అడిగారు. హక్ నోట మాట రాదు. చివరికి తెల్లవాడే అంటాడు. వాళ్ళు చూస్తామంటే, దయచేసి రండి, మా నాన్నకు జబ్బు, ఎవరూ సాయం రావడం లేదు అని మొదలుపెడతాడు. వాళ్ళకు మశూచి అనుమానం వచ్చి పడవ వెనక్కి తిప్పుతారు, పోతూ పోతూ చెరో ఇరవై డాలర్ల బంగారు నాణెం ఇచ్చి మరీ పోతారు. మశూచి అన్న మాట హక్ పలకనే లేదు, వాళ్ళ చేతే అనిపించాడు!

మనం చప్పట్లు కొట్టాలనుకుంటాం. హక్ మాత్రం దిగులుగా ఉంటాడు. తప్పు చేశాననే అనుకుంటాడు. ట్వెయిన్ ఇక్కడ తొందరపడి వాడికి జ్ఞానోదయం కలిగించలేదు. పెద్దల లోకం వాడి మనసులో నాటిన మాటలు అలాగే ఉన్నాయి, వాడు చేసిన పని మాత్రం వాటిని దాటిపోయింది. తరవాత జిమ్ యజమానురాలికి రాసిన ఉత్తరం చించేస్తూ నరకానికే పోతానంటాడు. అది గొప్పకు అన్న మాట కాదు, నిజంగా నరకం ఉందనీ తను పోతాననీ నమ్మి అన్నాడు.

'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'ను తలచుకోకుండా ఈ విషయం ముగిస్తే మీరు ఊరుకోరు. 1960, హార్పర్ లీ. చేయని నేరానికి జైల్లో ఉన్న నల్లవాడు టామ్ రాబిన్‌సన్‌ను చంపడానికి గుంపు వస్తుంది. జైలు ముందు ఆ గుంపులో ఉన్న కనింగ్‌హామ్‌ను చిన్నపిల్ల స్కౌట్ మీ అబ్బాయి బాగున్నాడా అని పలకరిస్తుంది, గుంపు చెదిరిపోతుంది. నాకు ఆ సీను ఇష్టమే. పసి మాటకు పెద్దలు కరిగిపోతారని నమ్మాలని మనకు ఉంటుంది. కానీ అదే నవలలో జ్యూరీ టామ్ రాబిన్‌సన్‌ను దోషి అంటుంది, పదిహేడు గుళ్ళు తగిలి అతను చనిపోతాడు. మనం మొదటిది గుర్తుపెట్టుకుని రెండోది మరిచిపోతాం.

అసలు ఎవరూ ఏమీ అడగని పిల్లలు కూడా ఉన్నారు. టోనీ మారిసన్ 'ది బ్లూయెస్ట్ ఐ', 1970. పెకోలా పదకొండేళ్ళ నల్లపిల్ల, కన్నతండ్రి వల్లే గర్భవతి అయింది. ఊళ్ళో ఆడవాళ్ళ గుసగుసల్ని పెకోలా స్నేహితురాలు క్లాడియా, క్లాడియా అక్క చెవులు రిక్కించి వింటారు. అయ్యో పాపం ఆ చిన్నపిల్ల అని ఎవరైనా అంటారేమోనని. ఎవరూ అనరు. తలలు ఊపుతారంతే. పెద్దల మాటల్లో లేని మాట కోసం పిల్లలు వెతకడం, ఇంతకన్నా పదునుగా పసితనాన్ని ఎవరు రాయగలరో నాకు తెలియదు. క్లాడియాకు అంతా తెలుసు. తెలిసీ పెకోలా బిడ్డ బతకాలని బంతి విత్తనాలు నాటుతుంది. అవి మొలవవు.

చివరగా విభూతిభూషణ్ బందోపాధ్యాయ 'పథేర్ పాంచాలి', 1929లో పుస్తకంగా వచ్చింది. సత్యజిత్ రాయ్ 1955 సినిమా చూసినవాళ్ళకు హారం గుర్తుంటుంది. చిన్నపిల్లాడు అపు దాన్ని నీళ్ళలోకి విసిరేస్తాడు. నవలలో అది బంగారు కుంకుమ భరిణె. పక్కింటివాళ్ళది పోయింది. అపు అక్క దుర్గ తీసిందని అందరూ అన్నారు, కొట్టారు. తీయలేదంది. తరవాత దుర్గ జ్వరంతో పోయింది. ఊరు వదిలి వెళ్ళే రోజున అపుకు ఒక మట్టి పాత్రలో భరిణె దొరుకుతుంది. అక్క తీసింది. అక్క అబద్ధమాడింది.

ఇప్పుడు అపుకు నిజం తెలిసింది. మామూలు లెక్క ప్రకారం పసితనం పోవాల్సింది ఇక్కడే. పోయిందా? వాడు భరిణెను వెదురు పొదల్లోకి విసిరేస్తాడు. ఎవరికీ చెప్పడు, అమ్మకు కూడా. అక్క దొంగ అన్న మాట ఇక ఎవరూ రుజువు చేయలేరు. ఇక్కడ అపును అడిగినవాళ్ళు లేరు, బెదిరించినవాళ్ళు లేరు, చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నవాళ్ళు లేరు. తన నోరు తన ఇష్టం. పిప్ దాచింది భయంతో. మైసీ దాచింది తన్ను తాను కాపాడుకోవడానికి. అపు దాచింది చనిపోయిన అక్క కోసం.

ఒక మాట చెప్పి ముగిస్తాను. నవలాకారుడు కూడా పెద్దవాడే. అతను కూడా పిల్ల నోటితో తనకు కావలసింది పలికించుకుంటున్నాడు కదా? అవును, ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంది. పిల్లల చేత పెద్ద పెద్ద నీతులు చెప్పించే నవలలు మీరూ చదివారు, నేనూ చదివాను. అవి నాకు నచ్చకపోవడానికి కారణం అదే. జేమ్స్ తన నవల చివరి వాక్యంలో ఏం చేశాడంటే, మైసీని చూసుకునే మిసెస్ విక్స్, ఈ పిల్లకు ఎంత తెలుసో అని ఆశ్చర్యపోతూ ఉంటుంది. ఎంత తెలుసో జేమ్స్ చెప్పడు. మూడొందల పేజీలు ఆ పిల్ల వెంట నడిచి, అడగాల్సిన ఆ ఒక్క ప్రశ్న అడక్కుండా వదిలేశాడు.

నా సమయం అయిపోయింది. ఎవరైనా మాట్లాడాలనుకుంటే మైకు మీ దగ్గరికి వస్తుంది. నేను చెప్పని నవలలు మీ మనసులో ఉంటే ముందు వాటి గురించే చెప్పండి.